నరసన్నపేట దగ్గర ఇల్లు కడుతున్నాం, ఏసీ లేకుండా వేసవి గడిచేలా కట్టాలంటే ఏం చెయ్యాలి?

వంశధార గట్టు

అందరికీ నమస్కారం. నరసన్నపేటకు దగ్గర్లో మా ఊళ్లో అయిదు సెంట్ల జాగా ఉంది, పడమర వీధి. పాత పెంకుటిల్లు తీసేసి దసరా వెళ్లాక పునాది వెయ్యాలని అనుకుంటున్నాం. ప్లాను గీయించాను. వెయ్యి చదరపు అడుగులు, రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, పైన స్లాబు. మా బాబాయి వాళ్లు ఆరేళ్ల కిందట సరిగ్గా ఇలాంటిదే కట్టారు, మొన్న మే నెలలో రెండు రాత్రులు అక్కడ పడుకున్నాను. రాత్రి పదకొండు గంటలకి పడమటి గోడకి వీపు ఆనిస్తే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. ఫ్యాను వేస్తే పైనుంచి వేడిగాలే దిగుతోంది. పిన్ని రోజూ సాయంత్రం మేడ మీద బకెట్లతో నీళ్లు పోస్తుంది, అయినా అంతే.

మా అమ్మ పాత ఇంట్లో కరెంటు పోయినా నిద్రపోయేది. ఆవిడని తీసుకెళ్లి అలాంటి గదిలో పడుకోబెట్టాలంటే మనసు రావడం లేదు. ఇంకోటి, వంశధార నుంచి ఇసుక బండ్లు పోవడం చిన్నప్పట్నుంచి చూస్తూ పెరిగినవాణ్ని, కాబట్టి ఇసుక, సిమెంటు, ఇటుక ఎంత తక్కువ వాడితే అంత మంచిదని నా కోరిక. ‘గ్రీన్ బిల్డింగ్’ అని వెతికితే అన్నీ అద్దాల ఆఫీసులే కనిపిస్తున్నాయి. మన ఎండకి, మన తుఫానులకి, మన బడ్జెట్‌కి సరిపోయేది ఎవరైనా కట్టి ఉంటే చెప్పండి.

రిటైర్డ్ ఏఈ

బాబూ, ఇంకా పునాది వెయ్యకముందే అడిగారు, చాలా సంతోషం. కట్టేశాక అడిగేవాళ్లకి ‘తెల్ల రంగు వేయించండి’ అనడం తప్ప ఇంకేమీ చెప్పలేను.

ముందు ఎండ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మనం ఉన్నది పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కాస్త పైన. మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. అంటే ఆ సమయంలో మీ దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు, రెండడుగుల సన్‌షేడ్ ఉంటే అసలే పడదు. ఎండంతా స్లాబు తాగుతుంది. మూడు దాటాక సూర్యుడు కిందికి దిగి పడమటి గోడని అడ్డంగా కొడతాడు, అప్పుడు సన్‌షేడ్ ఎంత పొడుగున్నా పని చెయ్యదు, ఎందుకంటే కిరణం దాని కిందనుంచి దూరుతుంది. కాబట్టి మీ శత్రువులు రెండే, పైకప్పు, పడమటి గోడ. డబ్బు, ఆలోచన ఈ రెండింటి మీద ముందు పెట్టండి.

రెండోది గాలి. మనది ఉక్క ప్రాంతం, జాతీయ బిల్డింగ్ కోడ్ లెక్కలో ‘వేడి తేమ’ మండలం. రాయలసీమలోలాగా మందపాటి గోడ కట్టి తలుపులు మూసుకుంటే ఇక్కడ కుదరదు, చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. ఇళ్ల కోసం కేంద్రం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అనే కోడ్ తెచ్చింది. మీలాంటి చిన్న జాగాలకి అది తప్పనిసరి కాదు, కానీ అందులో ఒక లెక్క చాలా పనికొస్తుంది. మన మండలంలో తెరుచుకునే కిటికీల విస్తీర్ణం ఇంటి కార్పెట్ ఏరియాలో (గోడలు పోను లోపలి నేలలో) కనీసం 16.66 శాతం ఉండాలి, అంటే ఆరో వంతు. పది పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు, దానికి ఇరవై చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఇప్పుడందరూ పెట్టే స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. నాలుగు నాలుగు కిటికీ అని పదహారు లెక్కేసుకుంటారు, గాలి వచ్చేది ఎనిమిదిలోంచే. రెక్కల కిటికీ అయితే పదహారూ వస్తుంది. ఒక్క గోడకే రెండు కిటికీలు పెట్టినా లాభం లేదు, వచ్చిన గాలికి ఎదురుగా పోయే దారి ఉండాలి.

మీ ప్లానులో పెద్ద పడగ్గది ఏ మూల ఉంది?

వంశధార గట్టు

నైరుతి మూల, ఏఈ గారూ. వాస్తు ప్రకారం.

రిటైర్డ్ ఏఈ

అనుకున్నాను. మీ బాబాయి గారి ఇల్లూ అంతే అయి ఉంటుంది.

బొబ్బిలి అప్ప

మా ఇంట్లో కూడా అదే మూల, అదే బాధ పడ్డాం, అందుకని మేం చేసింది చెప్తాను తమ్ముడూ. వాస్తు మార్చమంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, ఆవిడ మాట తీసెయ్యలేం. గది అక్కడే ఉంచి, పడమటి గోడకి లోపల ఆ చివర నుంచి ఈ చివర దాకా బీరువాలు కట్టించేశాం, నైరుతిలో బరువు ఉండాలంటారు కాబట్టి ఆవిడకీ నచ్చింది. వేడి గోడ దాటి బట్టల్లోనే ఆగిపోతోంది. మంచం తూర్పు వైపుకి జరిపాం. బయట గోడకి రెండడుగుల ఎడంగా ఇనప గొట్టాలు పాతి దొండపాదు ఎక్కించాం. చిక్కుడు వేస్తే చలికాలం తర్వాత ఎండిపోతుంది, మనకి కావాల్సింది ఎండాకాలం కదా, దొండ అయితే నీళ్లు పోస్తే ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఏప్రిల్‌లో పందిరి కింద చెయ్యి పెట్టి చూస్తే గోడ చల్లగా ఉంది, పందిరి దాటిన చోట అదే గోడ కాలుతోంది. కాయలు ఇరుగుపొరుగుకి పంచుతున్నాం.

వంటింటి గురించి ఎవరూ చెప్పలేదు. రోజుకి మూడు నాలుగు గంటలు అందులో నిలబడేది ఆడవాళ్లే. స్టవ్‌కి ఎదురుగా కిటికీ పెడితే గాలికి మంట ఆరిపోతోందని మూసేస్తాం, తర్వాత ఉడికిపోతాం. స్టవ్ పైన స్లాబుకి ఆనుకుని ఒక వెంటిలేటర్, పక్క గోడకి కిందగా ఒక కిటికీ పెట్టించండి. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి దానంతటదే బయటికి వెళ్తుంది. ఈ ఒక్కటీ మీ అమ్మగారి కోసం మర్చిపోకండి.

తాపీపని ముప్పై ఏళ్లు

నమస్తే బాబూ. నేను రాజాం, చీపురుపల్లి, విజయనగరం వైపు పనులు చేస్తాను. ఇటుక తగ్గించాలన్నారు కాబట్టి ఒక పద్ధతి చెప్తాను, ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు, కేరళలో లారీ బేకర్ గారనే ఆర్కిటెక్ట్ చాలా ఇళ్లు అలా కట్టించారు. ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరసల మధ్య మూడంగుళాలు ఖాళీ వదిలి కడతాం. బయటికి చూస్తే తొమ్మిదంగుళాల గోడే. సుమారు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కూడా తగ్గుతుంది, లోపలి ఖాళీలో గాలి ఆగి ఉంటుంది కాబట్టి వేడి అంత తొందరగా లోపలికి రాదు. మూలల్లో, కిటికీల పక్కన ఆ ఖాళీలోనే కడ్డీ దింపి కాంక్రీటు పోస్తే తుఫానుకి గోడ గట్టిగా నిలబడుతుంది.

కానీ దానికి ఇటుక కొలత సరిగ్గా ఉండాలి. మన నాటు బట్టీ ఇటుక ఒకటి ఎనిమిదిన్నర, ఒకటి తొమ్మిది, ఒకటి వంకర, వాటితో ఈ పని చేస్తే మాలు ఎక్కువై ఆదా అంతా పోతుంది. అచ్చులో పోసిన ఫ్లయాష్ (బొగ్గు బూడిద) ఇటుక అయితే బాగుంటుంది. కరెంటు పైపులు ఎక్కడ వస్తాయో ముందే గీసి ఇవ్వాలి, గోడయ్యాక సుత్తితో గాడి కొడితే నిలబెట్టిన ఇటుక పగిలిపోతుంది. నాకు ఇది నేర్పిన పెద్దాయన ఎప్పుడూ ఒక మాట చెప్పేవారు, ఎలక్ట్రీషియన్ రాకుండా ఈ గోడ మొదలెట్టొద్దని.

నాగావళి నీరు

ఫ్లయాష్ ఇటుకల గురించి నా అనుభవం చెప్పాలి. రెండేళ్ల కిందట వాటితోనే కట్టాను, ప్లాస్టరింగ్ అయిన నెలకి గోడలంతా వెంట్రుకల్లాంటి పగుళ్లు. నాలుగు గదులూ మళ్లీ లప్పం పెట్టించాల్సి వచ్చింది, అప్పు మీద అప్పు. అమ్మినవాళ్లు మాకేం సంబంధం లేదన్నారు. అందుకే అడుగుతున్నాను, పర్యావరణం పేరు చెప్పి మనలాంటి వాళ్ల మీద ప్రయోగాలు చెయ్యడం న్యాయమేనా?

తాపీపని ముప్పై ఏళ్లు

మీ బాధ నిజమే బాబూ, ఇలా చాలా మందికి అయింది. తప్పు ఇటుకది కాదు, పచ్చి ఇటుక పంపించడం వల్ల. మట్టి ఇటుక మంటలో కాలుతుంది, ఫ్లయాష్ ఇటుక నీళ్లలో గట్టిపడుతుంది, అందులో ఉన్నది బూడిద, ఇసుక లేదా క్రషర్ పొడి, సిమెంటో సున్నమో. అచ్చు తీశాక మూడు వారాలు తడపాలి, తర్వాత ఆరనివ్వాలి. ఆర్డర్లు ఎక్కువున్నప్పుడు వారానికే లారీ ఎక్కించేస్తారు. గోడలోకి వెళ్లాక అది ఆరుతూ కుంచించుకుంటుంది, ప్లాస్టర్ పగులుతుంది. నేనైతే ఇటుక దిగగానే రెండిటిని ఒకదానికొకటి కొట్టి చూస్తాను, గంటలా ఖంగుమనాలి. ఛాతీ ఎత్తు నుంచి నేల మీద పడేస్తే పగలకూడదు. ఎందుకైనా మంచిదని మా సైట్లో దింపి ఇంకో పదిహేను రోజులు ఆపుతాను. కాంక్రీటు కాలమ్, ఇటుక గోడ కలిసే చోట కోడిమెష్ (సన్న ఇనప వల) కొట్టి ప్లాస్టర్ చెయ్యాలి, అది వదిలేసినా పగులు వస్తుంది.

రిటైర్డ్ ఏఈ

మేస్త్రి గారు చెప్పినదానికి నాదీ ఒక మాట. ఇది ప్రయోగం కాదండీ. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటు రెండు వేల మెగావాట్లది, అక్కడ బొగ్గు కాలిన బూడిద ఎలాగూ కుప్పలు పడుతుంది. అది ఇటుక అయితే ఒక చెరువు నిండా బూడిద గాలికి లేవకుండా ఆగుతుంది. అటు మట్టి ఇటుకకి పైమన్ను కావాలి, బట్టీకి మన్ను ఇచ్చిన చేను మళ్లీ పూర్వంలా పండడానికి ఏళ్లు పడుతుంది, ఇది మన రైతులందరికీ తెలుసు.

సిమెంటులో కూడా అదే సంగతి. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు ఎనిమిది శాతం సిమెంటు తయారీ వల్లే. బొగ్గు కాల్చడం వల్ల కొంత అయితే, సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచే వచ్చే వాయువు అంతకన్నా ఎక్కువ, కాబట్టి సోలార్ పెట్టినంత మాత్రాన అది ఆగదు. మనం చెయ్యగలిగింది తక్కువ వాడటం, పీపీసీ రకం సిమెంటు వాడటం. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లయాష్ ఉంటుంది, ఉప్పుగాలి తగిలే మన తీరానికి అది ఇంకా మేలు. కాకపోతే మెల్లగా గట్టిపడుతుంది, నీళ్లు కట్టడం పది రోజులకి తగ్గకూడదు. వారానికే ఆపేసి పీపీసీ మంచిది కాదనేస్తారు, అక్కడ పొరపాటు జరుగుతోంది.

చీపురుపల్లి మాస్టారు

ఇంత చెప్తున్నారు కదా, అసలు పెంకుటిల్లే మళ్లీ కట్టుకోవచ్చు కదా అని నాకు మొదట్నుంచీ ఉంది. పాత ఇల్లు ఎందుకు తీస్తున్నారు బాబూ?

వంశధార గట్టు

కోతులు మాస్టారూ. ఏడాదికి రెండుసార్లు పెంకు తిప్పించాలి, తిప్పిన వారానికే గుంపు వచ్చి పగలగొట్టి పోతుంది. వానకి పప్పుల డబ్బాలు, పిల్లల పుస్తకాలు తడిసిపోతాయి. పెంకు నేసేవాళ్లు మా ఊళ్లో ఇద్దరే ఉండేవారు, ఇప్పుడు ఒకాయన పనిమానేశారు. వాసాలకి చెద పట్టింది. అమ్మే చెప్పింది, ఇంక స్లాబు వేసెయ్యరా అని.

చీపురుపల్లి మాస్టారు

అయితే సరే, కోతుల ముందు ఎవరం ఏం చెయ్యగలం. కానీ ఆ పెంకులు పారెయ్యకండి. లారీ బేకర్ గారిదే ఇంకో పద్ధతి ఉంది, ఫిల్లర్ స్లాబు. స్లాబు మందంలో కింది భాగం కాంక్రీటు బరువు మోయదు, కడ్డీని పట్టుకుని ఉండటానికే ఉంటుంది. ఆ కడ్డీల గళ్ల మధ్య రెండేసి పెంకులు బోర్లించి పెట్టి పైన కాంక్రీటు పోస్తే ఆ మేరకి సిమెంటు, ఇసుక, పిక్క (కంకర) మిగులుతాయి, పెంకుల మధ్య గాలి ఉండి వేడి తగ్గుతుంది. కింద నుంచి చూస్తే పెంకులు వరసగా కనిపిస్తాయి, చాలా అందంగా ఉంటుంది. నేను తిరువనంతపురంలో చూశాను. బేకర్ గారు ఇంగ్లండులో పుట్టి 1945లో మన దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఇంటికి కావాల్సిన సామాను అయిదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలని గాంధీజీ తనతో చెప్పారని ఆయన చెప్పుకునేవారు. మీకు అయిదు మైళ్లు కూడా అక్కర్లేదు, మీ పాత ఇంటి కప్పే ఉంది.

రిటైర్డ్ ఏఈ

మాస్టారు చెప్పింది నిజమే, కానీ ఫిల్లర్ స్లాబు డిజైన్ చేసి కడ్డీ లెక్క ఇచ్చే ఇంజనీరు లేకుండా మాత్రం వెయ్యొద్దు. పైగా మనది తీరం, కడ్డీ మీద కాంక్రీటు కవరు తగ్గితే ఉప్పుగాలికి తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. సరైన మనిషి దొరక్కపోతే మామూలు స్లాబే వేసి, ఆ పెంకుల్ని మేడ మీద పరిచి సున్నం వెయ్యండి, నష్టం లేదు.

సున్నం అంటే గుర్తొచ్చింది. అన్నిటికన్నా చవకైన పని ఇదే. శివరాత్రి వెళ్లగానే మేడ శుభ్రంగా కడిగి సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు కోటింగులు వేస్తే ఎండ చాలా వరకు తిరిగి పోతుంది. ఏటా వెయ్యలేమనుకుంటే తెల్ల టైల్ ముక్కలు పరిపించండి, షాపుల వెనక పగిలినవి చవగ్గా ఇస్తారు. తెలంగాణ 2023లో దీనికోసం ‘కూల్ రూఫ్’ విధానమే తెచ్చింది.

ఉద్దానం కొబ్బరితోట

అందరూ చల్లదనం గురించే చెప్తున్నారు, నేను తిత్లీ తుఫాను చూసినవాణ్ని కాబట్టి ఇంకో వైపు చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మా పలాస వైపు తీరం దాటింది. మా వీధిలో మొదట లేచిపోయినవి రేకుల వసారాలు. వసారా వాసాలు ఇంటి కప్పుకే కలిపి కట్టిన చోట వసారా లేస్తూ లేస్తూ కప్పుని కూడా పట్టుకుపోయింది. వసారా విడిగా దాని స్తంభాల మీదే నిలబడ్డ ఇళ్లకి వసారా పోయింది, ఇల్లు మిగిలింది. అందుకని తమ్ముడూ, నీడ కోసం పడమర వసారా వెయ్యండి, కానీ ఇంటి కప్పుతో ముడి పెట్టొద్దు.

కిటికీ ఎంత పెద్దదైనా పెట్టుకోండి, చెక్క రెక్కలు, లోపల గట్టి గడియలు ఉండాలి. ఒక్క అద్దం పగిలి గాలి లోపలికి దూరిందంటే కప్పుని కిందనుంచి పైకి తంతుంది. ఇంటికి దగ్గరగా కొబ్బరి, మునగ వద్దు. మా అమ్మమ్మది చుట్టిల్లు, గుండ్రంగా, తాటాకు కప్పు దాదాపు నేలకి దిగి ఉండేది, వంగి లోపలికి వెళ్లేవాళ్లం. గాలికి కొట్టడానికి మూల దొరికేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ మట్టి నేల మీద పడుకుంటే సాయంత్రం దాకా లేవాలనిపించేది కాదు. ఆ ఇల్లు మళ్లీ కట్టమని అనను, కానీ కట్టినవాళ్లకి గాలీ ఎండా రెండూ తెలుసు.

నీళ్ల సంగతి కూడా. కిడ్నీ జబ్బులతో మా ఉద్దానంలో నీళ్ల భయం మీ అందరికీ తెలిసిందే. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే తొంభై మూడు లీటర్లు. ఒక వాయుగుండం రోజు వంద మిల్లీమీటర్లు పడిందంటే తొమ్మిది వేల లీటర్ల పైమాటే, అదంతా మనం వీధిలోకి వదిలేస్తున్నాం. మొదటి వాన బయటికి పోనిచ్చి, తర్వాతది ఇసుక, పిక్క, బొగ్గు పొరల మీదుగా సంపులోకి మళ్లించండి, నిండాక పొర్లింది ఇంకుడు గుంటలోకి. పునాది తవ్వేటప్పుడే సంపు తవ్వితే అదే జేసీబీతో అయిపోతుంది.

నాగావళి నీరు

సోలార్ గురించి ఎవరూ ఎత్తలేదు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఇస్తున్నారు, అది పెట్టేస్తే ఏసీ వేసుకున్నా బిల్లు ఉండదు కదా?

రిటైర్డ్ ఏఈ

పెట్టుకోవచ్చు, మంచిదే. కిలోవాటుకి సుమారు వంద చదరపు అడుగుల జాగా, రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. కాకపోతే ఒక సంగతి ముందే తెలియాలి, లైన్లో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ తనూ ఆగిపోతుంది, లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. తుఫాను తర్వాత వారం రోజులు కరెంటు లేకపోతే మేడ మీద ప్యానెళ్లున్నా ఇంట్లో చీకటే. అందుకే ఇల్లు తనంతట తాను చల్లగా ఉండాలని మొదట్నుంచీ చెప్తున్నాను. ముందు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టండి. పాత ఫ్యాను 75 వాట్లు, ఇది 30 చుట్టుపక్కల. అయిదు ఫ్యాన్లు పన్నెండు గంటలు తిరిగితే రోజుకి రెండున్నర యూనిట్ల పైన మిగులుతుంది. ఇవన్నీ అయ్యాక ఎంత సోలార్ కావాలో చూసుకుంటే చిన్నదే సరిపోతుంది. ప్యానెళ్ల ఫ్రేము మాత్రం స్లాబులో బోల్టులు దింపి బిగించాలి, ఇటుకలు బరువు పెట్టి వదిలేస్తే గాలికి ఎగిరి పక్కింట్లో పడతాయి.

వంశధార గట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. వంటింటి వెంటిలేటర్ దగ్గర ఆపి ఆ అమ్మాయి ఎవరో గానీ వంట చేసే మనిషి అంది.

ప్లాను ఇలా మార్పిస్తున్నాను. నైరుతి గది అక్కడే ఉంటుంది, పడమటి గోడకి కిటికీ తీసేసి లోపల బీరువాలు, బయట విడి స్తంభాల మీద ఆరడుగుల వసారా, దాని మీద పాత ఇంటి మంచి పెంకులు (కోతుల వల్ల పగిలినా వసారాయే కదా తడిసేది). దక్షిణానికి, ఉత్తరానికి ఎదురెదురుగా రెక్కల కిటికీలు. ఫిల్లర్ స్లాబు చేసే ఇంజనీరు శ్రీకాకుళంలో ఉన్నారేమో కనుక్కుంటున్నాను, దొరక్కపోతే మామూలు స్లాబు మీద తెల్ల టైల్ ముక్కలు. మిగతా పెంకులు అప్పటిదాకా చింతచెట్టు కింద పేర్చి ఉంచుతాను. ర్యాట్ ట్రాప్ గోడ ఒక్కటే ఇబ్బంది, మా మేస్త్రి ఎప్పుడూ చెయ్యలేదట, ‘లోపల ఖాళీ ఉంటే గోడ ఎలా నిలబడుతుంది బాబూ’ అంటున్నారు.

తాపీపని ముప్పై ఏళ్లు

నేనూ మొదట్లో అదే అన్నాను. చూస్తే గానీ నమ్మకం కుదరదు, ఆయన తప్పేం లేదు. నేను ఆదివారం నరసన్నపేట వైపు వస్తున్నాను. మీ మేస్త్రి గారిని ఉండమనండి, బాగా ఆరిన ఫ్లయాష్ ఇటుకలు ఓ డెబ్బై, అర బస్తా సిమెంటు, నాలుగు తట్టల ఇసుక సిద్ధంగా పెట్టండి. పెరట్లో మూడడుగుల గోడ ఇద్దరం కలిసి కడతాం. తర్వాత దాన్ని పడగొట్టక్కర్లేదు, అమ్మగారికి తులసికోట పక్కన అరుగులా ఉంటుంది.